సాహిత్యం పేరున సభ: ఆబిడ్స్–నాంపల్లి అధ్యయన బృందాలపై ఒక పరిశీలన

హైదరాబాదులో తెలుగు పుస్తకం మీద సభ అంటే ఎక్కువమందికి గుర్తొచ్చే చోట్లు కొన్నే ఉంటాయి. తిలక్ రోడ్డులో తెలంగాణ సారస్వత పరిషత్తు, సుల్తాన్ బజారులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ దగ్గర తెలుగు విశ్వవిద్యాలయం ఆడిటోరియం, బ్యాంక్ స్ట్రీట్‌లో ఒకప్పటి విశాలాంధ్ర పుస్తకశాల, ఆదివారం పూట ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాలు. అన్నీ ఒకదాని నుంచి ఒకటి నడిచి చేరుకోగల దూరంలోనే ఉన్నాయి. నూట పాతికేళ్లుగా పుస్తకం చేతపట్టుకుని వర్తమాన రాజకీయాలు, సంస్కృతి గురించి వాదించుకున్న బృందాలు ఈ ఆవరణలోనే మళ్లీమళ్లీ పుట్టాయి.

ఈ బృందాల గురించి మనం తరచూ వినే మాట ఒకటుంది. గ్రంథాలయాలు చైతన్యం తెచ్చాయి, ఆ చైతన్యమే ఉద్యమమైంది అంటారు. సభల్లో ఈ మాట చెప్పడం సులువు, రుజువు చేయడం కష్టం. ఈ వ్యాసం ఆ మాటను కొంచెం ఆగి పరీక్షిస్తుంది. రెండు ప్రశ్నలు తీసుకుందాం. ఈ బృందాలు ఈ చుట్టుపక్కలే ఎందుకు గుమిగూడాయి? వాటివల్ల రాజకీయ జీవితానికి నిజంగా ఏం చేకూరింది? ఆధారాలు అనుమతించినంత మేరకు నాకు తోచిన జవాబు ఇది: ఈ బృందాలు జనానికి ఏ సిద్ధాంతం ఇచ్చాయో చెప్పడం కంటే, సభ నడిపే అలవాటు ఇచ్చాయని చెప్పడానికి ఎక్కువ ఆధారం ఉంది.

ఆధారాలు ఏమిటి, ఎంతవరకు

ఇలాంటి పరిశీలనకు నాలుగు రకాల సామగ్రి దొరుకుతుంది. మొదటిది సంస్థల నివేదికలు, వార్షికోత్సవ సంచికలు. స్థాపన తేదీ, దాతల పేర్లు, అధ్యక్షుల వరుస వీటిలో భద్రంగా ఉంటాయి. సభలో ఎవరు ఎవరితో విభేదించారన్నది మాత్రం సాధారణంగా కనిపించదు. రెండోది నాయకుల జ్ఞాపకాలు. మాడపాటి హనుమంతరావు రాసిన ‘తెలంగాణా ఆంధ్రోద్యమము’ వీటిలో ముఖ్యమైనది. ఉద్యమంలో ఉన్న మనిషే రాశారు కాబట్టి దగ్గరి వివరం దొరుకుతుంది. ఫలితం తెలిశాక వెనక్కి చూసి రాసిన పుస్తకం కాబట్టి ప్రతి చిన్న సంఘటనా ఒక గమ్యం వైపు నడిచినట్టు కనిపిస్తుంది. మూడోది ప్రభుత్వ ఉత్తర్వులు. ఏది నిషేధించారో చూస్తే దేనికి భయపడ్డారో తెలుస్తుంది, కానీ భయపడినంత పని నిజంగా జరిగిందో లేదో తెలియదు.

నాలుగోదాన్ని పరిశోధకులు అంతగా పట్టించుకోరు. అది పాత పుస్తకమే. ఆదివారం ఆబిడ్స్‌లో దొరికే పాత తెలుగు పుస్తకం అట్ట తిప్పితే, ఏదో గ్రంథాలయం ముద్ర, దాని మీద ఇంకుతో వేసిన వరుస సంఖ్య, వెనక పేజీకి అంటించిన తేదీల కాగితం, పేజీ అంచున పెన్సిల్‌తో పెట్టిన టిక్కులు, ఒక్కోసారి ‘తప్పు’ అనో ‘భేష్’ అనో రాత కనిపించడం అరుదేమీ కాదు. సభలో వక్త ఏమన్నాడో నివేదిక చెబుతుంది. చదివినవాడు ఎక్కడ ఆగాడో చెప్పగలిగేది ఈ పెన్సిల్ గీత ఒక్కటే. ఒక పుస్తకం మీది గీత ఒక పాఠకుడి సంగతి మాత్రమే చెబుతుంది, తరం మొత్తం సంగతి కాదు. ఈ పరిమితులన్నీ గుర్తుంచుకుని ముందుకు పోదాం.

తెలుగుకు ముందు ఆబిడ్స్‌లో

తెలుగువాళ్ల కథ చెప్పేటప్పుడు 1901తో మొదలుపెట్టడం అలవాటు. ఈ ఆవరణలో బహిరంగ చర్చ మాత్రం అంతకు ముందే, ఉర్దూ, ఇంగ్లీషు చదివిన వాళ్ల మధ్య మొదలైంది. నిజాం కళాశాల తొలి ప్రిన్సిపాల్ అఘోరనాథ చట్టోపాధ్యాయ, ప్రభుత్వోద్యోగి ముల్లా అబ్దుల్ ఖయ్యూం ఇద్దరూ చాందా రైలుమార్గం ఒప్పందంపై బహిరంగంగా చర్చ జరగాలని పట్టుబట్టారు. ఫలితంగా 1883లో అఘోరనాథుణ్ణి రాజ్యం నుంచి పంపేశారు. తరువాత మళ్లీ రానిచ్చారు. నాంపల్లి స్టేషన్ రోడ్డు మీది ఆయన ఇంటికి, కూతురు సరోజినీ నాయుడు 1905లో వేసిన కవితా సంపుటి పేరున ‘గోల్డెన్ త్రెషోల్డ్’ అన్న పేరు స్థిరపడింది. హైదరాబాద్ విశ్వవిద్యాలయం 1974లో మొదలైంది కూడా ఆ భవనంలోనే.

అదే ముల్లా అబ్దుల్ ఖయ్యూం, సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీల పూనికతో 1891లో ఆసఫియా గ్రంథాలయం ఏర్పడింది. మొదట అది ఆబిడ్స్‌లో, ఇప్పుడు జనరల్ పోస్టాఫీసు ఉన్న చోట నడిచింది. 1936లో అఫ్జల్‌గంజ్ భవనానికి మారింది. నేటి రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం అదే.

ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెడితే ఒక విషయం తేలుతుంది. రైలు ఒప్పందం గురించి అడిగినందుకు శిక్ష పడింది. పుస్తకాలు సేకరిస్తే సర్కారు ఆదరణ దొరికింది. ముల్లా ఖయ్యూం ఆ రెండు పనుల్లోనూ ఉన్నారు. పుస్తకాల గది రాజకీయ చర్చకు మరుగుగా ఉపయోగపడుతుందని వాళ్లు పథకం వేశారని ఇంతమాత్రం చేత అనలేం. ఏ దారి మూసి ఉందో, ఏది తెరిచి ఉందో మాత్రం తరువాతి వాళ్లకు కళ్లెదుటే కనిపించింది.

రెసిడెన్సీ బజారు ఎందుకు?

1901 సెప్టెంబర్ 1న రెసిడెన్సీ బజారులో (నేటి సుల్తాన్ బజారు), రావిచెట్టు రంగారావు ఇంట్లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ఏర్పడింది. పాల్వంచ రాజా పార్థసారథి అప్పారావు అధ్యక్షత వహించారు. కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు అందులో ముఖ్యులు. బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది 1914లో. అంటే బ్రిటిష్ ఆంధ్రంలో గ్రంథాలయోద్యమం సంఘటిత రూపం తీసుకోవడానికి పదమూడేళ్ల ముందే నిజాం రాజ్యంలో ఈ సంస్థ ఉంది. 1901 జనాభా లెక్కల ప్రకారం హైదరాబాద్ రాజ్యంలో చదవడం, రాయడం వచ్చినవాళ్లు నూటికి ముగ్గురు. పాలన ఉర్దూలో సాగేది. రాజ్యంలో దాదాపు సగం మంది తెలుగువాళ్లే అయినా కచేరీలో తెలుగు కాగితానికి విలువ లేదు.

మరి ఇల్లు ఇక్కడే ఎందుకు? మూడు వివరణలు సాధ్యం.

మొదటిది అధికార పరిధి. రెసిడెన్సీ బజార్లు అప్పుడు నిజాం పోలీసు కింద కాదు, బ్రిటిష్ రెసిడెంటు పాలన కింద ఉండేవి. 1933లో గానీ అవి నిజాం చేతికి తిరిగి రాలేదు. కాబట్టి కోఠీ వైపు ఒక అడుగు వేస్తే నిజాం ఉత్తర్వు అందని చోటికి చేరినట్టే. ఈ వివరణ ఆకర్షణీయంగా ఉంది, చాలామంది దీన్నే చెబుతారు. అయితే ఇది మొత్తం కథ కాదనడానికి రెండు కారణాలున్నాయి. రెసిడెంటు నీడ కూడా అంత చల్లనిదేం కాదు. 1908లో మద్రాసు రాజధానిలో ‘స్వరాజ్య’ పత్రిక రాతకు గాడిచర్ల హరిసర్వోత్తమరావును జైలుకు పంపింది ఆ బ్రిటిష్ ప్రభుత్వమే. పైగా 1933లో బజారు నిజాం చేతికి వచ్చాక భాషానిలయం మూతపడలేదు, కొనసాగింది.

రెండోది పోషకుల అండ. జమీందార్లు, వకీళ్లు, దేశముఖుల పేర్లే దాతల జాబితాల్లో మొదట కనిపిస్తాయి. వాళ్ల ఇళ్లు, బసలు ఈ చుట్టుపక్కలే ఉండేవి. మూడోది కొలువులు. కచేరీలు, కళాశాలలు, 1907లో తెరిచిన నాంపల్లి స్టేషన్ దగ్గర్లో ఉండడం వల్ల జిల్లాల నుంచి పనిమీద వచ్చిన చదువుకున్న మనిషి దిగేది, తిరిగేది ఇక్కడే.

ఈ మూడింటిలో మూడోదానికే ఎక్కువ బలం ఉందనిపిస్తుంది. పరిధి మారినా, పోషకులు పోయినా సభలు ఇక్కడే ఉండిపోయాయి. స్టేషన్, కోర్టు, కళాశాల కదల్లేదు. అధికార పరిధి మొదటి అడుగుకు సాయం చేసి ఉండవచ్చు. అలవాటును నిలబెట్టింది మాత్రం రోజూ మనుషులు నడిచే దారే అని చెప్పడం సబబు.

సర్కారు కాగితాన్ని తెలుగులో చదవడం

భాషానిలయం చుట్టూ ఉన్నవాళ్లే 1906లో విజ్ఞాన చంద్రికా మండలి స్థాపించారు. దాని తొలి పుస్తకం గాడిచర్ల రాసిన అబ్రహాం లింకన్ చరిత్ర. బానిసత్వం రద్దు చేసిన పరదేశపు అధ్యక్షుడి జీవితాన్ని మొదట ఎంచుకోవడంలో ఉద్దేశం ఉందని ఊహించవచ్చు. కానీ మండలి చరిత్ర, విజ్ఞానశాస్త్రం, నవల అన్నీ వేసింది. ఒక్క పుస్తకం పట్టుకుని మండలిని రాజకీయ సంస్థగా లెక్కగట్టడం అతి అవుతుంది. కొన్నాళ్లకు మండలి మద్రాసుకు తరలిపోయింది.

ఇంతకంటే గట్టి ఆధారం 1921 నవంబర్ 12 నాటిది. వివేకవర్ధిని థియేటర్లో మహర్షి కర్వే అధ్యక్షతన సంఘ సంస్కార మహాసభ జరుగుతోంది. ఇంగ్లీషు, ఉర్దూ, మరాఠీ ప్రసంగాలు సాగాయి. అల్లంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే సభ ఎగతాళి చేసి అడ్డుకుంది. ఆ రాత్రే టేకుమాల రంగారావు ఇంట్లో కొద్దిమంది కూర్చుని ఆంధ్ర జన సంఘం ఏర్పాటు చేశారు. మాడపాటి హనుమంతరావు కార్యదర్శి బాధ్యత తీసుకున్నారు. ఆ రాత్రి తగువు ఏ పుస్తకం మీదా కాదు, సభలో మాట్లాడే హక్కు మీద. గ్రంథాలయంలో ఇరవై ఏళ్లుగా తెలుగులో సభ నడుపుకున్న అలవాటు ఉన్నవాళ్లకే ఆ అవమానం అంతగా తగిలిందని, మర్నాటిదాకా ఆగకుండా సంఘం పెట్టుకునేంత చేయితిరిగినతనం వాళ్లకు అప్పటికే వచ్చిందని అనుకోవడానికి ఆస్కారం ఉంది.

సంఘం పెట్టుకున్న లక్ష్యాలు చూడండి: గ్రంథాలయాలు, పఠన మందిరాలు, పాఠశాలలు, తాళపత్రాలు, శాసనాల సేకరణ. రాజకీయమన్న మాటే లేదు. కానీ సంఘం అచ్చువేసిన చిన్న పుస్తకాల పేర్లు ‘వర్తక స్వాతంత్ర్యము’, ‘వెట్టిచాకిరి’, ‘మొహతర్ఫా’ (వృత్తి పన్ను). అప్పటి పరిస్థితి ఇది: దౌరాకు వచ్చిన అధికారికి ఊళ్లో కోమటి ఉప్పు, పప్పు, నెయ్యి అగ్గువ ధరకు ఇచ్చుకోవాలి. సామాను మోయడానికి, కబురు తీసుకుపోవడానికి కింది కులాలవాళ్లు కూలి లేకుండా పోవాలి. ఈ దురాచారాన్ని ఆపమని సర్కారు ఇచ్చిన గస్తీలు (సర్క్యులర్లు) కాగితం మీద ఉండనే ఉన్నాయి. అవి ఉర్దూలో ఉన్నాయి, ఊరి అధికారి చేతిలో ఉన్నాయి. సంఘం వాటిని తెలుగు చేసి, ఏది చట్టమో ఏది దౌర్జన్యమో విడమరచి, చవక పుస్తకాలుగా పంచింది. కొత్త సిద్ధాంతమేమీ లేదు. సర్కారు రాసినదాన్ని సర్కారు ముందు చదివి వినిపించడమే.

వర్తకులకు దీనివల్ల కొంత ఊరట దొరికింది. వెట్టి మాత్రం పోలేదు. 1946లో సాయుధ పోరాటం మొదలయ్యేనాటికీ అది తెలంగాణ ఊళ్లలో ప్రధాన సమస్యగానే ఉంది. చదవడం వల్ల దురాచారం తొలగిందనే వాదానికి ఇది గట్టి ఎదురు సాక్ష్యం. దుకాణం, రసీదు, అక్షరం ఉన్న వర్తకుడు గస్తీ చూపించి అడగగలిగాడు. అవేవీ లేని మనిషికి పుస్తకం ఒక్కటే సరిపోలేదు.

అనుమతి కాలంలో హాస్టల్, పత్రిక

1920ల నుంచి బహిరంగ సభలకు ముందస్తు అనుమతి తప్పనిసరి చేస్తూ ఉత్తర్వులు వచ్చాయి. వాటిలో గస్తీ నిషాన్ 53 అందరి నోటా నానింది. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదలైన ఆంధ్ర మహాసభలు దాని రద్దును పదేపదే కోరాయి.

ఆ కాలంలో ఆబిడ్స్‌లో చదువుకునే కుర్రవాళ్లకు ఆశ్రయం రెడ్డి హాస్టల్. 1918లో దాన్ని నెలకొల్పడంలో ముఖ్యుడు రాజాబహద్దూర్ వెంకటరామారెడ్డి. 1920 నుంచి 1934 దాకా నగర కొత్వాలు కూడా ఆయనే. శాంతిభద్రతల అధికారే హాస్టలుకు, దాని గ్రంథాలయానికి పెద్దదిక్కు. ఈ వింతను రెండు రకాలుగా చదవవచ్చు. కొత్వాలు నీడ ఉంది గనుక కుర్రవాళ్లు ధైర్యంగా చదువుకున్నారనవచ్చు. కొత్వాలు కన్ను ఉంది గనుక హద్దు మీరలేదనీ అనవచ్చు. హాస్టల్ బాధ్యతలు చూసిన సురవరం 1926 మే 10న ‘గోలకొండ’ పత్రిక మొదలుపెట్టడం, ఇదే హాస్టల్‌లో ఉండి చదివిన రావి నారాయణరెడ్డి ఆ తరువాత కమ్యూనిస్టు నాయకుడు కావడం మొదటి వాదానికి పనికొచ్చే ఉదాహరణలు. కానీ ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఆ హాస్టల్ నుంచే ఎందరో వకీళ్లు, సర్కారు ఉద్యోగులు, భూస్వాములు బయటికొచ్చారు. పేరుపొందిన ఒక్కరిని చూపి ‘ఈ గది విప్లవకారుణ్ణి తయారుచేసింది’ అంటే, మిగతావాళ్లను లెక్కలోంచి తీసేసినట్టే.

బృందాల బలాన్ని కొలవడానికి అంతకంటే మంచి కొలత 1934 నాటి ‘గోలకొండ కవుల సంచిక’. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేరన్నట్టు వచ్చిన ఒక వ్యాఖ్యకు జవాబుగా సురవరం 354 మంది కవుల రచనలు, వివరాలు సేకరించి అచ్చువేశారు. టెలిఫోను అందుబాటులో లేని కాలంలో, వారానికి రెండుసార్లు వచ్చే పత్రిక ద్వారా ఊరూరా మనుషులను కదిలించి ఇంత రాబట్టగలిగారంటే, పత్రిక చదివి జవాబు రాసే పాఠకుల వల అప్పటికే ఉన్నట్టు లెక్క. ఇది అంచనా కాదు, చేతికందే ఫలితం.

ఇదే కాలంలో ఉర్దూ చదువరుల వైపూ కదలిక ఉంది. ఉస్మానియా పట్టభద్రుల సంఘం రాజ్య ఆర్థిక పరిస్థితిపై సర్వే చేయాలనుకుని, దానికి డబ్బు కోసం 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో ప్రదర్శన పెట్టింది. నాంపల్లి నుమాయిష్ మూలం అదే. మరుసటి ఏడు మఖ్దూం మొహియుద్దీన్, రాజ్ బహదూర్ గౌర్, ఆలం ఖుంద్‌మీరీ వంటివారు కామ్రేడ్స్ అసోసియేషన్ స్థాపించారు. నిజాం రాజ్యంలో రాజకీయ చర్చ తెలుగు గ్రంథాలయాల్లోనే సాగిందనే చిత్రం ఈ సాక్ష్యం ముందు నిలవదు. ఒకే వీధుల్లో రెండు మూడు భాషల బృందాలు ఉన్నాయి, వాటి మధ్య రాకపోకలూ ఉన్నాయి.

గదిలోకి రానివాళ్లు

పఠన మందిరం తలుపు తెరిచే ఉన్నా, చదువు రానివాడికి అది మూసి ఉన్నట్టే. ఆ లోటును ముందు పట్టించుకున్నవాళ్లలో భాగ్యరెడ్డి వర్మ ఒకరు. 1906లో ఆయన జగన్మిత్ర మండలి పెట్టారు, 1911లో అది మాన్య సంఘమైంది. హరికథలు, భజనలు, ఉపన్యాసాలు ఆయన పనిముట్లు. పక్కనే ఇసామియా బజారులో దళిత పిల్లలకు బడులు మొదలుపెట్టారు. 1931లో ‘భాగ్యనగర్’ పత్రిక నడిపారు. మద్యం, జోగిని వ్యవస్థ, అంటరానితనం మీద చర్చ చదివేవాళ్లతో కాక వినేవాళ్లతో నడిచింది. పుస్తకం చేతపట్టుకున్న బృందాలనే లెక్కపెడితే, సమకాలీన సమాజం గురించి గట్టిగా మాట్లాడుకున్న ఈ బృందం లెక్కకు అందదు. కోఠీ చుట్టూ సాగిన ‘చదువు’ను కొలిచేటప్పుడు హరికథ వేదికనూ ఒక అధ్యయన వేదికగా పరిగణించాలనడానికి ఇది చాలు.

స్త్రీల విషయంలోనూ ఇదే సమస్య. జోగిపేటలో ఆంధ్ర మహాసభతో పాటు నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన మహిళా సభ జరిగింది. 1935లో హైదరాబాదులో ఆంధ్ర యువతీ మండలి ఏర్పడింది. ప్రధాన చరిత్రల్లో వీటికి దక్కింది నాలుగు వాక్యాల చోటే. స్త్రీశక్తి సంఘటన 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చినప్పుడు, సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలను వెతికి, వాళ్ల మాటల్లోనే చెప్పించి రాసుకున్నారు. ఒక అధ్యయన బృందం చేతుల్లో పరిశోధన పద్ధతే మారిన సందర్భమిది. నివేదికలో లేని మనిషిని నేరుగా వెళ్లి అడగాలన్నది అప్పటి నుంచి తెలుగు చరిత్ర రచనకు అలవాటైంది.

సాహిత్యం వేరు, రాజకీయం వేరా?

1943లో నిజాం రాష్ట్రాంధ్ర సారస్వత పరిషత్తు (నేటి తెలంగాణ సారస్వత పరిషత్తు) ఏర్పడింది. ఆంధ్ర మహాసభలో అతివాద, మితవాద వర్గాల పోరు ముదురుతున్న కాలమది. మరుసటి ఏడు భువనగిరిలో సభ చీలిపోయింది కూడా. రాజకీయాలకు దూరంగా భాషా సేవ చేయాలన్నది పరిషత్తు నియమం. దేవులపల్లి రామానుజరావు వంటివారు దశాబ్దాల పాటు ఆ నియమంతోనే దాన్ని నడిపారు. ప్రాథమిక, ప్రవేశ, విశారద పరీక్షలు పెట్టి వేలమందికి తెలుగు నేర్పారు.

కానీ 1944లో వరంగల్లులో పరిషత్తు మహాసభలు జరిగినప్పుడు ప్రత్యర్థులు పందిరి తగలబెట్టారు. దాశరథి, తోటి కవులు అక్కడే కవిసమ్మేళనం జరిపి తీరారు. రాజకీయం వద్దని నియమం పెట్టుకున్న సంస్థ సభనే రాజకీయ సభగా భావించారన్నమాట. ఏది రాజకీయమో తేల్చేది సంస్థ నియమావళి ఒక్కటే కాదు, ఎదుటివాడి భయమూ తేలుస్తుంది. అందుకే ‘పరిషత్తు రాజకీయ సంస్థ’ అన్నా పొరపాటే, ‘రాజకీయంతో సంబంధం లేనిది’ అన్నా పొరపాటే. నియమం నిజమే, దాన్ని దాటి జరిగిన ఘటనా నిజమే.

హాలు నుంచి వీధికి, హోటలుకు

స్వాతంత్ర్యానంతరం సభకు అనుమతి మునుపటంత పెద్ద సమస్య కాలేదు. కొత్త ప్రశ్న వచ్చింది: సభ ఎవరి కోసం? దీనికి నాటకీయమైన జవాబు 1965 మే 6 అర్ధరాత్రి ఆబిడ్స్ సెంటర్లో వచ్చింది. నగ్నముని, నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు, భైరవయ్య, మహాస్వప్న అనే ఆరుగురు దిగంబర కవులు తమ తొలి సంపుటిని అక్కడ విడుదల చేయించారు. ఆవిష్కర్త రిక్షా కార్మికుడు నాంపల్లి పాండు. సభాధ్యక్షుడు, ముఖ్య అతిథి, వక్తలు, కృతి స్వీకర్త అంటూ వరుసగా అచ్చయ్యే ఆహ్వాన పత్రాన్ని వాళ్లు తలకిందులు చేశారు. హాలు వదిలి నడిరోడ్డు, సాయంత్రం వదిలి అర్ధరాత్రి, పెద్దమనిషిని వదిలి రిక్షా మనిషి.

అయితే ఈ ఘటన ఏం రుజువు చేస్తుంది? పుస్తకం ఎవరి చేతికి చేరాలన్న ఆలోచన మారిందని చేస్తుంది. చేరిందని చేయదు. సాహిత్య చరిత్రలో పాండు పేరు ఆవిష్కర్తగానే నిలిచింది, పాఠకుడిగా కాదు. అయిదేళ్ల తరువాత 1970 జులై 4న విప్లవ రచయితల సంఘం ఏర్పడింది. దిగంబరుల్లో కొందరు అటు నడిచారు, కొందరు నడవలేదు. ఒకే వీధిలో ఒకే రాత్రి కలిసి నిలబడ్డ ఆరుగురే ఒక దారిన పోలేదంటే, కలిసి చదివితే ఒకే రాజకీయం వస్తుందన్న సూత్రం చెల్లదు.

హోటళ్లదీ ఇలాంటి కథే. ఆబిడ్స్ ఓరియంట్ హోటల్లో మఖ్దూం తరం ఉర్దూ కవులు, రాజకీయ కార్యకర్తలు గంటల తరబడి కూర్చునేవారు. నాంపల్లికి ఆనుకున్న లక్డీకాపూల్‌లో ద్వారకా హోటల్ కె. శివారెడ్డి తరం తెలుగు కవులకు అడ్డా. టీ ఖర్చుతో చోటు దొరికేది, సభ్యత్వం అక్కర్లేదు, తీర్మానం ఉండదు. అందుకే చర్చ ఎంత జోరుగా సాగినా మిగిలేది జ్ఞాపకాలే. జ్ఞాపకాల్లో చమత్కారాలు నిలుస్తాయి, వాదాలు జారిపోతాయి. హోటల్ అడ్డాల ప్రభావం గురించి చెప్పేటప్పుడు ఈ తేడాను లెక్కలోకి తీసుకోవాలి.

పుస్తకాల సరఫరా విషయానికొస్తే ఆధారం మళ్లీ గట్టిపడుతుంది. 1938లో సికింద్రాబాదులో దేశోద్ధారక గ్రంథమాల పెట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి, ఒకప్పుడు హోటల్లో పనిచేసిన మనిషి, పుస్తకాల కట్ట భుజాన వేసుకుని తిరిగి అమ్మారు. తరువాత బ్యాంక్ స్ట్రీట్ విశాలాంధ్ర, మాస్కోలో అచ్చయిన చవక తెలుగు పుస్తకాలను పాఠకుడికి అందించింది. 1980లో మొదలైన హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ‘రూట్స్’ నవలకు సహవాసి అనువాదాన్ని ‘ఏడు తరాలు’గా తెచ్చింది. అమెరికా నల్లజాతి కుటుంబ కథ మీద తెలుగు ఊళ్లలో చర్చ జరగడానికి ఆ పుస్తకం ధర, లభ్యత ప్రధాన కారణాలు. ఏ స్టడీ సర్కిల్ చర్చ అయినా ముందు ఎవరో ఒకరు పుస్తకం మోసుకొచ్చాకే మొదలవుతుంది.

తేలినవి, తేలనివి

ఈ సామగ్రి నుంచి మూడు నిర్ధారణలు చేయవచ్చు. మొదటిది, ఆబిడ్స్–నాంపల్లి–కోఠీ ఆవరణలో అధ్యయన బృందాల సాంద్రతకు అధికార పరిధి కంటే స్టేషన్, కచేరీ, కళాశాలల సామీప్యమే బలమైన వివరణ. రెండోది, ఈ బృందాలు అందించాయని నమ్మకంగా చెప్పగలిగినది కార్యపద్ధతి: తెలుగులో మాట్లాడడం, అధ్యక్షుణ్ణి ఎన్నుకోవడం, చందా వసూలు, లెక్క చెప్పడం, తీర్మానం రాయడం, ఉత్తర్వును చదివి ప్రశ్నించడం. 1921 రాత్రి, వెట్టి పుస్తకాలు, 354 మంది కవుల సేకరణ దీనికి సాక్ష్యాలు. మూడోది, ఈ బృందాల్లో చదివినవాళ్లు ఫలానా రాజకీయం వైపే వెళ్లారని గానీ, చదివినందువల్లే ఊళ్లో దౌర్జన్యం తగ్గిందని గానీ ఈ సామగ్రి చెప్పదు. వెట్టి చరిత్రా, రెడ్డి హాస్టల్ విద్యార్థుల వేరువేరు దారులూ, దిగంబర కవుల చీలికా అందుకు అడ్డం నిలుస్తాయి.

ఈ అంచనా తక్కువగా అనిపించవచ్చు. కానీ కేరళలో 1945లో పి. ఎన్. పణిక్కర్ 47 గ్రంథాలయాలతో మొదలుపెట్టిన సంఘం చరిత్ర కూడా ఇదే దిశ చూపుతుంది. అక్కడ ఊరి గ్రంథాలయం నిలిచింది ఏదో ఒక భావజాలం వల్ల కాదు. కమిటీ, ఎన్నిక, గ్రాంటు, లెక్కల పుస్తకం ఉండడం వల్ల. తెలంగాణలో గ్రంథాలయ పన్ను వసూలవుతున్నా, ఊరి సంస్థను నడిపే సభ్యుల సంఘం చాలాచోట్ల మిగల్లేదు. పోగొట్టుకున్నది పుస్తకాలు కాదు, సభ నడిపే చేయి.

నేడు ఈ వీధుల్లో ఏ ఆదివారమైనా ఒక చర్చా వేదిక నడుస్తూనే ఉంటుంది. కొత్త నవల, కొత్త చట్టం, ఎన్నికల ఫలితం, కులం, భాష అన్నీ చర్చకు వస్తాయి. మరుసటి రోజు పత్రికలో వచ్చేది వేదిక మీదివాళ్ల ఫొటో, పేర్లు. ఎవరు వచ్చారు, ఏ ప్రశ్న అడిగారు, ఎవరు ఒప్పుకోలేదు, పుస్తకం ఎందరు నిజంగా చదివి వచ్చారు అన్నవి ఎక్కడా నమోదు కావు. ఒక నోటుపుస్తకం, దాన్ని రాసే ఒక కార్యదర్శి ఉంటే ఈ లోటు తీరుతుంది. వక్తలతో పాటు ప్రశ్నలనూ రాసిపెట్టిన బృందం గురించి, చదవడం రాజకీయాన్ని మార్చిందా లేదా అన్నది రేపు ఎవరైనా ఊహతో కాక కాగితం చూసి తేల్చగలుగుతారు.